పది పెసోల బాకీ

నా దగ్గర మూడే ప్యాకేజీలు.
చిన్నది, నడిమిది, పెద్దది.
చిన్నదాని ధర
ఇరవై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై పెసోలు:
నెలకు ఎనిమిది పోస్టులు, ఒక లోగో, మూడు ఫోటోలు.
బేరం లేదు. కొసరు లేదు.
తెరమీద మీట నొక్కితే చాలు,
మనిషి మొహం మనిషి చూడక్కర్లేదు.

వల్పరాయిసోలో కొండకో కొట్టు మూతపడుతున్న ఏడాది అది.
ఎంపనాడాలు వేయించే జునిల్దా నడిమిది కొంది.
తాళంచెవులు చెక్కే కవలలు పెద్దది కొన్నారు
చెరిసగం వేసుకుని,
ఆ సగం దగ్గరే మాటామాటా అనుకుని.
శవపేటికల షాపాయన మూడు రోజులు ఆలోచించి
"నవ్వుతున్న మొహాలు మాత్రం పెట్టకండి" అని రాశాడు.

ఒనోఫ్రే మీట నొక్కలేదు.
మా మెట్లు నూట పన్నెండూ
సైకిలు భుజాన వేసుకుని ఎక్కొచ్చాడు.
సైకిలుకు సానరాయి,
మెడలో గొట్టాలు వరసగా పేర్చిన ఈల.
"మనవరాలు చెప్పింది. చిన్న పొట్లం ఒకటి కట్టివ్వు" అన్నాడు,
జీలకర్ర అడిగినట్టు.
మూడు పదివేల నోట్లు బల్లమీద చదును చేశాడు.

పది పెసోలు తిరిగివ్వాలి.
సొరుగంతా వెతికాను. లేదు.
ఆ తొమ్మిదులన్నీ రాయడానికే గాని
ఇచ్చిపుచ్చుకోవడానికి కాదని
ఎలా చెప్పను?
"పర్లేదు, రాసుకో" అన్నాడు.
రాసుకున్నాను.

ఫోటోలు తీశాను.
కత్తి ఆనగానే చిమ్మే నిప్పురవ్వలు ఫోనుకు దొరకలేదు,
దొరికింది అతని బట్టతల.
"మొద్దుబారిన బతుకులకు పదును" అని రాసి చూపిస్తే
మనవరాలితో చదివించుకుని
"నేను కత్తులకే పడతానమ్మా" అన్నాడు.
చెరిపేశాను.

నియమాల్లో ఏడోది:
ప్రచారమంతా మాకు వదిలేయండి.
ఎవరిదో చూసి ఎక్కించిన వాక్యం,
నేనే రెండోసారి చదవలేదు.
అతను అక్షరాలా పాటించాడు.
ఈల తీసి జేబులో పెట్టుకుని
నెలంతా నోరు మెదపకుండా కొండలెక్కాడు.

నెలాఖరున లెక్క పంపాను.
నాలుగు వేల రెండు వందల మంది చూశారు.
వెయ్యి కిలోమీటర్ల అవతల, ఎడారి ఊళ్ళోంచి ఒకావిడ
రేపు పొద్దున రాగలరా అని అడిగింది.
ఎర్ర గుండెలు నూట ఎనభై.
కత్తులు పదకొండు.
అంతకు ముందు నెల ఎన్నొచ్చాయంటే
"ఎవరు లెక్కపెట్టారు? పొద్దుగూకేసరికి వేళ్ళు పీకేవి" అన్నాడు.

కొర్దియేరా కొండమీద
చూపు మందగించిన కుట్టుపనామె ఒకరుంది.
ఈల వినపడితే
మూడో అంతస్తు కిటికీలోంచి
తాడు కట్టిన బుట్టలో కత్తెర దించుతుంది.
ఆ నెల నాలుగుసార్లు ఆ కిటికీ కింద నిలబడ్డాడట.
బుట్ట దిగలేదు.
ఆమె అతను పోయాడనుకుని
అప్పటికే రెండు కొవ్వొత్తులు వెలిగించింది.

ఇది చెబుతూ పగలబడి నవ్వాడు.
నేను నవ్వలేక ఏడో నియమం కొట్టేశాను,
తర్వాత నా వంటింటి కత్తి తెచ్చిచ్చాను.
ధర ఒక్కటే, పెద్ద కత్తయినా చిన్న కత్తయినా.
కత్తయ్యాక, అడక్కుండానే
బల్లమీది కత్తెరా అందుకున్నాడు.
యాపా, అన్నాడు.
ఈ ఊళ్ళో కొసరుకు అదే పేరు.

మెట్ల కింద ఈల మోగింది,
పల్లం నుంచి మిట్టకు పాకి మళ్ళీ జారింది.
ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆ పైది.
ఎవరో చెప్పులు లేకుండా పరుగెత్తారు.
ఎంతమంది చూశారో
నా తెరమీద ఎక్కడా నమోదు కాలేదు.

పది పెసోల నాణెం ఆ సాయంత్రమే దొరికింది,
సొరుగు వెనక చీలికలో.
పట్టుకుని వీధిలోకి వచ్చాను.
ఈల వినపడుతూనే ఉంది,
కాని ఇక్కడ ప్రతి కొండా ఎదుటి కొండ గొంతుతో పలుకుతుంది.
కాసేపు నిలబడి తిరిగొచ్చాను.

లెక్కల పుస్తకంలో
ఆ పేజీ ఇంకా మూయలేదు.
ఒనోఫ్రేకు: పది.